సిలువ కింద తామర

మా ఓరుగల్లు వైపు ఊళ్లలో కాకతీయుల నాటి దానశాసనం ఉంటే, అక్షరం ముక్క రాని పెద్దమనిషి కూడా దాని భావం చెప్పేస్తాడు. రాతి నెత్తిన సూర్యుడు, చంద్రుడు ఉంటారు. వాళ్లిద్దరూ ఉన్నన్నాళ్లు ఈ దానం చెల్లాలని అర్థం. ఏ రాజు, ఎన్ని మర్తురుల భూమి, ఏ దేవుడికి అన్న వివరాలు ఆ కింద అక్షరాల్లో ఉంటాయి. గుర్తు ముందు పలకరిస్తుంది, రాత తర్వాత మాట్లాడుతుంది.

క్రైస్తవుల పాత రాళ్లను చదవడానికీ ఇదే దారి. దంతాలపల్లి నుంచి డోర్నకల్ వెళ్లి ఎపిఫనీ కెథడ్రల్ ముందు నిలబడినప్పుడు నాకు ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. రెండూ మా మహబూబాబాద్ జిల్లాలోవే. కొత్తగా చూసేవాళ్లు ఆ కట్టడం దగ్గర కాసేపు తికమకపడతారు. గుమ్మటాలు, మినార్లు చూస్తే మసీదు గుర్తొస్తుంది. రాతి స్తంభాల వరసలు చూస్తే గుడి మండపం గుర్తొస్తుంది. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య కట్టించిన చర్చి అది. ఆయన 1912లో బిషప్ అయ్యారు. చర్చి ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది. ఆ తేదీని ఊరికే పెట్టలేదు. తూర్పుదేశపు జ్ఞానులు కానుకలతో బాలయేసు దగ్గరికి వచ్చిన పండుగ ఆ రోజే. దానికే ఎపిఫనీ అని పేరు. ఆ పేరు తెలిసి చూస్తే, ఎవరి కానుక వాళ్లు తెచ్చుకున్నట్టే గుమ్మటమూ స్తంభమూ అక్కడ చేరాయనిపిస్తుంది నాకు.

సీఎస్‌ఐ సంఘాల బోర్డుల మీద తామరపువ్వూ సిలువా కలిసి కనిపిస్తాయి. 1947లో సీఎస్‌ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం, ఏర్పడ్డాక ఎవరో కూర్చుని ఆలోచించి కలిపిన గుర్తు అని చాలామంది అనుకుంటారు. కానీ వెయ్యేళ్లకు ముందే దక్షిణాదిలో శిల్పి ఈ రెంటినీ ఒకే రాతి మీద చెక్కాడు.

ఆ రాయి చెన్నైలో సెయింట్ థామస్ మౌంట్ మీద ఉంది. 1547లో పోర్చుగీసువాళ్లు ప్రార్థనాలయానికి పునాదులు తవ్వుతుంటే బయటపడింది. అలాంటి సిలువలు కేరళలోనూ ఉన్నాయి, కొట్టాయం వలియ పళ్లిలో ఉన్నది వాటిలో పేరుపడ్డది. వీటి కాలం సాధారణంగా 6 నుంచి 9వ శతాబ్దాల మధ్య అంటారు. కొండమీది రాయిని దగ్గరగా చూడండి. సిలువ మీద యేసు శరీరం లేదు. నాలుగు కొనలూ మొగ్గలు తొడిగినట్టు విచ్చుకున్నాయి. పైనుంచి పావురం ముక్కు కిందికి పెట్టి దిగుతోంది, అది పరిశుద్ధాత్మ. సిలువ అడుగున తామర రేకుల్లాంటి ఆకులు. ఇరుపక్కలా స్తంభాలు, వాటి మీద మకరాలు, మకరాల నోళ్ల నుంచి లేచిన కమాను. మకర తోరణం! కాకతీయుల గుళ్లు చూస్తూ పెరిగిన మనకు దాన్ని ఎవరూ పరిచయం చేయక్కర్లేదు.

ఇక్కడే తొందరపడకూడదు. తామర కనబడగానే హిందూ ప్రభావం అనేసి ముగిస్తే సగమే చదివినట్టు. చైనాలోని షియాన్‌లో 781లో నిలబెట్టిన శిలాస్తంభం మీద కూడా సిలువ తామర మీదే ఉంది. చెన్నై రాయిలాగే అదీ పర్షియా వైపు నుంచి వెళ్లిన తూర్పు సంఘానిదే. ఆకులు తొడిగిన సిలువ ఆ సంఘం సొంత ఆస్తి. చనిపోయిన మాను చిగురించిందని, మరణం ఓడిపోయిందని వాళ్లు అలా చెప్పుకున్నారు. ఇక్కడి శిల్పి చేతిలో ఆ ఆకు తామర అయింది. ఒక గుర్తు అర్థం తేల్చాలంటే దాని చుట్టాలను కూడా వెతకాలి. రోమ్‌లోని భూగర్భ సమాధుల గోడల మీద చేపను చూసి ఇది జాలర్ల గుర్తు అనుకుంటే ఎంత పొరపాటు! చేపను గ్రీకులో ఇఖ్తుస్ అంటారు. ఆ మాటలోని ఐదు అక్షరాలూ యేసు, క్రీస్తు, దేవుని, కుమారుడు, రక్షకుడు అన్న ఐదు గ్రీకు మాటల మొదటి అక్షరాలు.

ఇక రాత సంగతి. మకర తోరణం వెంట కమానుగా ఒక శాసనం సాగుతుంది. పోర్చుగీసువాళ్లకు అది ఏ భాషో అంతుపట్టలేదు. 1561లో నరసింగ రాజ్యం, అంటే మన విజయనగర రాజ్యం నుంచి ఒక పండితుణ్ణి పిలిపించారు. ఆయన ఒక్కో అక్షరాన్ని విడదీసి, దేవుడు మనిషిగా పుట్టడం, సిలువ మీద చనిపోవడం అంతా అందులో ఉందని పెద్ద కథ చెప్పాడు. అడిగినవాళ్లకు కావలసిందీ అదే. రాతి మీదున్న నాలుగు మాటల్లో అంత కథ పట్టే చోటే లేదు. ఆ పండితుణ్ణి నేను తప్పుపట్టను. తెలియని లిపి ముందు కూర్చోబెట్టి, ఇంతమంది ఆశగా చూస్తుంటే ఎవరికైనా నోరు ఊరుకోదు. శాసనం చదివేవాడికి మొదటి శత్రువు అదే: మనసులో ముందే సిద్ధంగా ఉన్న జవాబు.

1873లో ఏ.సి. బర్నెల్ అది పహ్లవీ, అంటే పాత పర్షియా రాత అని చెప్పాడు. మన తెలుగు లిపి పుట్టుపూర్వోత్తరాలను కూడా వివరించిన దక్షిణ భారత లిపిశాస్త్ర గ్రంథం రాసింది ఆ బర్నెలే. లిపి పేరు తెలిసినా ముడి విడలేదు. పహ్లవీలో వ, న, ర అక్షరాలకు దాదాపు ఒకటే గీత. అచ్చులు చాలావరకు రాయరు. పైగా కమానులో వాక్యం ఎక్కడ మొదలవుతుందన్నదే ఒక వివాదం. అందుకే కేరళలోని సిలువల శాసనాలను పక్కన పెట్టుకుని, ఒకచోట అరిగిన అక్షరాన్ని మరోచోట సరిచూసుకుంటూ చదవాల్సి వచ్చింది.

మా దగ్గర శాసనాలు చదివేవాళ్ల పద్ధతి కూడా ఇలాంటి ఓపికదే. రాతిని కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో మెల్లగా కొట్టి అక్షరాల గాళ్లలోకి దించుతారు. ఆపైన సిరా అద్దితే గాళ్లు తెల్లగా, మిగతా కాగితం నల్లగా తేలుతుంది. అచ్చు తీయడానికి వీల్లేకపోతే పొద్దు వాలాక టార్చి పక్కనుంచి వేసి చూస్తారు. ఎదురుగా వేస్తే నీడ పడదు, అక్షరం కనబడదు. భక్తి కొద్దీ శాసనాల గాళ్లలో రంగు నింపేవాళ్లను చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. రంగు వేసిన చెయ్యి ఎలా చదివిందో, చూసేవాళ్లంతా ఇక అలాగే చదవాలి.

సెయింట్ థామస్ మౌంట్ శాసనాన్ని 1929లో వించ్‌వర్త్, 1970లో గెర్డ్ గ్రోప్ అనే పండితులు మళ్లీ చదివారు. ఇద్దరికీ అది ఒక మనిషి ప్రార్థనగానే తేలింది. ఆ మనిషి పేరు వించ్‌వర్త్‌కు అఫ్రాస్, గ్రోప్‌కు సబ్రిషో. అతను ఏం చేశాడన్న మాటలోనూ తేడా ఉంది. ఈ సిలువను చెక్కాడని ఒకరు, తెచ్చాడని ఇంకొకరు. ఉలి పట్టినవాడా, ఓడెక్కి మోసుకొచ్చినవాడా? ఒక్క క్రియ దగ్గర మనిషి జీవితమే మారిపోతోంది. అతని తండ్రి పేరు చహర్‌బుఖ్త్ అన్న దగ్గర మాత్రం ఇద్దరూ కలుస్తారు. క్రీస్తు ప్రభువు అతణ్ణి కనికరించాలన్న వేడుకోలు దగ్గరా కలుస్తారు.