కింది నుంచి చదివే జాబితా

సినిమా అవార్డుల జాబితా ఏది వచ్చినా నేను కింది నుంచి పైకి చదువుతాను. ఉత్తమ నటుడెవరో, ఉత్తమ చిత్రమేదో నేను వెతకక్కర్లేదు. అమీర్‌పేట మెట్రోలో రెడ్ లైన్ దిగి బ్లూ లైన్ ఎక్కేలోపు పక్కవాళ్ల ఫోన్లే చెప్పేస్తాయి. అడుగున ఉండే పేర్ల సంగతి వేరు. ఆడియోగ్రఫీ, ఎడిటింగ్, కళా దర్శకత్వం, మేకప్, కాస్ట్యూమ్స్... వీటిని పనిగట్టుకుని వెతికితేనే కనిపిస్తాయి.

2025 మే 29న తెలంగాణ ప్రభుత్వం తొలి గద్దర్ ఫిల్మ్ అవార్డులు ప్రకటించిన రోజూ అలాగే చదివాను. 2024 సినిమాల్లో ఉత్తమ ఆడియోగ్రాఫర్ అరవింద్ మీనన్, ‘గామి’కి. ఉత్తమ ఛాయాగ్రాహకుడు విశ్వనాథ్ రెడ్డి, ఆయనకూ ‘గామి’కే. చదవగానే నా మనసు నిండిపోయింది. మనిషి స్పర్శ తగిలితే తట్టుకోలేని ఒక అఘోరా హిమాలయాలకు నడిచి వెళ్లే కథ అది. జనం తలో కొంత వేసుకున్న డబ్బుతో మొదలై, ఏళ్లతరబడి సాగిన సినిమా. దాన్ని పంజాగుట్టలో మాల్ పైనున్న మల్టీప్లెక్స్‌లో చూశాను. మంచు మీద అడుగు పడిన చప్పుడు, గాలి హోరు, దాని మధ్యలో హీరో ఊపిరి. మాటలు తక్కువగా ఉన్న సినిమాలో ఆ శబ్దమే నన్ను చేయిపట్టి నడిపించింది. హాల్లోంచి బయటికొస్తూ ఈ పని ఎవరు చేశారో తెలుసుకోవాలని ఆగాను. రోలింగ్ టైటిల్స్ పూర్తికాకముందే లైట్లు వేసేశారు, జనం లేచి నిలబడ్డారు, పేరు చదవలేకపోయాను. ఏడాది తర్వాత ఆ పేరు ప్రభుత్వ జాబితాలో దొరికింది. ప్రేక్షకుడిగా నాకు అవార్డులతో ఉన్న అవసరం ఇదే. నన్ను కదిలించిన పని ఎవరి చేతిదో అవి చెప్పాలి.

జూన్ 14న హైటెక్స్‌లో జరిగిన ఆ వేడుకను టీవీలో చూశాను. ఉత్తమ చిత్రం ‘కల్కి 2898 ఏడీ’, దర్శకుడు నాగ్ అశ్విన్, నటుడు ‘పుష్ప 2’కు అల్లు అర్జున్, నటి ‘35 చిన్న కథ కాదు’కు నివేదా థామస్. నివేదాకు దక్కడం నాకు ప్రత్యేకంగా నచ్చింది. లెక్కలు రాని కొడుకు కోసం తనే మళ్లీ లెక్కలు నేర్చుకునే తల్లి పాత్రకు ఉత్తమ నటి అవార్డు రావడం మంచి కాలానికి గుర్తు. అంతకుముందు ప్రభుత్వ సినిమా అవార్డులంటే 1964లో మొదలైన నందులే. 2014, 15, 16 సంవత్సరాలకు 2017 నవంబరులో ఒకేసారి ప్రకటించాక సినిమా నందులు ఆగిపోయాయి. ఆ విరామం తర్వాత వచ్చిన గద్దర్ వేదిక మీద 2014 నుంచి 2023 వరకు ఏడాదికేడాది ఉత్తమ చిత్రాలనూ సత్కరించారు. 2023కి ‘బలగం’ అని వినగానే మా ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. చావు ఇంట్లో కాకి ముద్ద ముట్టకపోతే ఆ కుటుంబం పడే నరకాన్ని అంత నిజాయితీగా చూపిన సినిమాకు ఆ గౌరవం దక్కాల్సిందే.

కానీ పదకొండేళ్ల సినిమాలను ఒక్క సాయంత్రంలో సన్మానించాలంటే సాంకేతిక నిపుణులకు మిగిలేది ఎంత సేపు? శాలువా, జ్ఞాపిక, ఒక ఫొటో. శబ్దానికి అవార్డు తీసుకుంటున్న మనిషి చేసిన శబ్దాన్ని అక్కడున్నవాళ్లకు వినిపిస్తే ఎంత బాగుండేది!

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. 2022లో ఆస్కార్ నిర్వాహకులు ఎడిటింగ్, సౌండ్, ఒరిజినల్ స్కోర్, ప్రొడక్షన్ డిజైన్, మేకప్‌తో పాటు మొత్తం ఎనిమిది విభాగాల అవార్డులను ప్రత్యక్ష ప్రసారం మొదలుకాకముందే ఇచ్చేసి, ఆ దృశ్యాలను కత్తిరించి కార్యక్రమంలో అతికించారు. ఎడిటింగ్ లేకపోతే సినిమానే లేదు, అలాంటి ఎడిటర్‌ను పక్కన పెట్టి సినిమా పండగ చేయడమేమిటని చాలామంది సినిమావాళ్లు గట్టిగా అడిగారు. మరుసటేడు మొత్తం 23 విభాగాలనూ మళ్లీ ప్రత్యక్షంగా ఇచ్చారు. ఆ మరుసటేడే మన ‘ఆర్ఆర్ఆర్’లోని ‘నాటు నాటు’ ఏడు.

2023 మార్చి 13, సోమవారం. తెల్లవారుజామున అయిదున్నరకే ప్రసారం. మా బాబాయి కొడుకు అప్పట్లో అమీర్‌పేట మైత్రీవనం వెనక హాస్టల్లో ఉండి కోర్సు చేస్తుండేవాడు. ముందురోజు రాత్రే వాడి గదికి వెళ్లి పడుకున్నాను. శ్రీకాకుళం, ఖమ్మం, కర్నూలు, ఆదిలాబాద్ పిల్లలంతా ఒక లాప్‌టాప్ చుట్టూ చేరారు. ఏడు గంటల జావా బ్యాచ్ ఉన్నవాళ్లు కూడా కదల్లేదు. దీపికా పదుకొణె పాటను పరిచయం చేసింది. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ డాల్బీ థియేటర్ వేదిక మీద తెలుగులో గొంతెత్తారు. మంచాల మధ్య జానెడు సందులో ఆ పిల్లలు ఆడిన ఆట నేను మర్చిపోలేను. ఆ తర్వాత అవార్డు. బాణీ కట్టిన కీరవాణి, రాసిన చంద్రబోస్ వేదికెక్కారు. కీరవాణి తాను వింటూ పెరిగిన కార్పెంటర్స్ బృందం పాట బాణీలోనే తన ధన్యవాదాన్ని పాడారు. చిట్యాల దగ్గరి చల్లగరిగలో పుట్టిన చంద్రబోస్ చేతిలో బంగారు బొమ్మ చూసి నాకు కన్నీళ్లు ఆగలేదు.

అయినా ఆ ఆనందంలోనే ఒక పేరు కోసం ఎదురుచూశాను. ఆ పాటకు నృత్యం కూర్చిన ప్రేమ్ రక్షిత్. ఒరిజినల్ సాంగ్ అవార్డు బాణీ కట్టినవారికి, రాసినవారికి మాత్రమే. అది నియమం, న్యాయమే. కానీ ప్రపంచమంతా అనుకరించింది ఆ అడుగులనే కదా! భుజం మీద చేయి వేసుకుని ఇద్దరు మనుషులు ఒకే వేగంతో ఆడాలి, ఒకరి కాలు క్షణం ముందు పడినా స్నేహమనే భావమే చెడిపోతుంది. 2021 ఆగస్టులో కీవ్‌లోని మరియిన్‌స్కీ ప్యాలెస్ ముందు తీస్తున్నప్పుడు ఇద్దరి కదలికా కలిసిందా లేదా అని దర్శకుడు రాజమౌళి ఫ్రేమ్ ఆపి మరీ చూసేవారని ఆ ఇద్దరిలో ఒకరైన ఎన్టీఆర్ చెప్పారు. అంత కష్టానికి ఆస్కార్‌లో విభాగమే లేదు. ఆస్కార్‌కు రెండు నెలల ముందు గోల్డెన్ గ్లోబ్ అందుకున్నప్పుడు కీరవాణి ఈ లోటును తన గొంతుతో పూడ్చారు. రాజమౌళి పేరు తర్వాత ప్రేమ్ రక్షిత్ పేరే చెప్పి, ఆయన లేకపోతే ఇది జరిగేది కాదన్నారు. పాటకు ప్రోగ్రామింగ్ చేసినవాళ్లనూ తలుచుకున్నారు. అవార్డు అందుకున్నప్పుడు మాట్లాడాల్సిన పద్ధతి అదీ. కొద్ది నిమిషాల్లో ఆ పాట ఎంతమంది పనో ఆయన లోకానికి చెప్పేశారు.

మన దగ్గర కొరియోగ్రఫీకి జాతీయ అవార్డు ఎప్పటినుంచో ఉంది. 2023 ఆగస్టు 24న 69వ జాతీయ అవార్డులు ప్రకటించినప్పుడు అది ప్రేమ్ రక్షిత్‌కే వచ్చింది. ‘ఆర్ఆర్ఆర్’కు వచ్చిన ఆరింటిలో పోరాటాలకు కింగ్ సాలమన్‌కు, విజువల్ ఎఫెక్ట్స్‌కు వి. శ్రీనివాస్ మోహన్‌కు దక్కినవీ ఉన్నాయి. తొలిసారి ఒక తెలుగు నటుడు, అల్లు అర్జున్, జాతీయ ఉత్తమ నటుడైన సంవత్సరం కూడా అదే కావడంతో మిగతా పేర్లు ఆ హోరులో కలిసిపోయాయి. హీరో గెలిస్తే పొంగిపోని అభిమాని ఉండడు, నేనూ పొంగిపోయాను. ఆ మర్నాడు మా తమ్ముడి హాస్టల్ కుర్రాడొకడు ఫోన్ చేశాడు. యానిమేషన్, వీఎఫ్ఎక్స్ నేర్పే చోట అప్పుడే చేరాడు వాడు. “అన్నా, శ్రీనివాస్ మోహన్ అంటే మనోడేనా? మా సార్ క్లాసులో చెప్పిండు” అన్నాడు. ఆ గొంతులో ఉత్సాహం నాకు ఇంకా వినిపిస్తోంది. వాడికి ఆ రోజు దొరికిన హీరో ఆయన.

అమీర్‌పేటలో ఇలాంటి పిల్లలు ఎందరో. ఈ పేటకు సినిమాతో బంధం కొత్తదేమీ కాదు. సారథి స్టూడియో ఇక్కడే ఉంది. పూర్తిగా హైదరాబాద్‌లోనే తయారైన తొలి తెలుగు సినిమాగా చెప్పే 1959 నాటి ‘మా ఇంటి మహాలక్ష్మి’ అక్కడే పుట్టింది. సత్యం థియేటర్ పోయిన చోట 2023లో అల్లు అర్జున్ పేరుతో మల్టీప్లెక్స్ వచ్చింది. ఇక్కణ్నుంచి యూసుఫ్‌గూడ వైపు వెళ్తే కృష్ణానగర్. షూటింగ్‌కు పిలుపు కోసం పొద్దున్నే రోడ్డు పక్కన నిలబడే లైట్‌మెన్, మేకప్ అసిస్టెంట్లు, జూనియర్ ఆర్టిస్టులు కనిపిస్తారు. మనవాళ్లు ఇరవై నాలుగు క్రాఫ్ట్స్ అంటారే, ఆ ఇరవై నాలుగూ ఈ రెండు మూడు కిలోమీటర్లలోనే కాపురముంటున్నాయి.

ఇలాంటివాళ్ల పనిని గుర్తించడంలో ఆస్కార్ కూడా నెమ్మదిగా కదులుతోంది. నూరో ఆస్కార్ వేడుక నుంచి, అంటే 2028 నుంచి, స్టంట్ డిజైన్‌కూ అవార్డు ఇస్తామని 2025 ఏప్రిల్‌లో చెప్పారు. ఆ ప్రకటనకు వాడిన బొమ్మల్లో ‘ఆర్ఆర్ఆర్’ది ఒకటి. కొరియోగ్రఫీ మాత్రం ఇంకా గుమ్మం బయటే.

గద్దర్ అవార్డులను ఏటా జరిపేవారికి నా విన్నపం ఒక్కటే. ఉత్తమ ఆడియోగ్రాఫర్ పేరు పిలిచే ముందు హాల్లో దీపాలు తగ్గించి, ఆ సినిమాలోంచి అర నిమిషం శబ్దం వినిపించండి. ఎడిటర్‌ను పిలిచే ముందు ఆయన కూర్చిన ఒక సన్నివేశం చూపించండి. కళా దర్శకుడి వెనక తెర మీద ఆయన గీసిన బొమ్మ, పక్కనే కట్టిన సెట్ పెట్టండి. ఆ మనిషికి మైకు ఇచ్చి, ఇది ఎలా చేశారని అడగండి. ఆలస్యమైతే కానివ్వండి, మేం కూర్చుంటాం.