రెండు కార్బురేటర్ల శ్రుతి

రోడ్డు మీద సాఫీగా పరుగెత్తిన పాత ఎంజీబీ కారు, సిగ్నల్ దగ్గర ఆగగానే వణకడం మొదలెడుతుంది. ఒకసారి ఎగసి, ఒకసారి కుంగి, ఆగిపోబోయి తేరుకుంటుంది. చాలామంది వెంటనే కార్బురేటర్ స్క్రూ తిప్పేస్తారు. చేయి తిరిగిన మెకానిక్ దాన్ని చిట్టచివర ముట్టుకుంటాడు.

ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా ఎంజీబీలు తయారయ్యాయి. ఈ కారుది 1,798 సీసీ బీ-సిరీస్ ఇంజిన్. మన అంబాసిడర్‌ను ఏళ్ళ తరబడి నడిపిన 1,489 సీసీ ఇంజిన్ దీనికి తోబుట్టువే. చాలా ఎంజీబీలకు రెండు ఎస్‌యూ కార్బురేటర్లుంటాయి. ముందుది 1, 2 సిలిండర్లకు, వెనకది 3, 4 సిలిండర్లకు.

కారు ఆగి ఇంజిన్ ఊరికే తిరిగే ఐడ్లింగ్‌లో, కార్బురేటర్ గాలిదారిని తెరిచి మూసే బటర్‌ఫ్లై అనే రేకు దాదాపు మూసుకునే ఉంటుంది. ఇంజిన్ పీల్చేది కొద్దిపాటి గాలే కాబట్టి ఆ రేకు తిరిగే ఇరుసు, అంటే స్పిండిల్, అరిగితే దాని పక్కనుంచో, దెబ్బతిన్న గ్యాస్కెట్‌లోంచో దూరే దొంగగాలి పెట్రోలు-గాలి మిశ్రమాన్ని పలచన చేసేస్తుంది. స్పీడులో అదే లీకు లెక్కలోకే రాదు. ఆగినప్పుడే జబ్బు బయటపడేది అందుకే.

అసలు తడబాటు ఒక లయలో ఉందా, లేదా అన్నది ముందు వినాలి. లయ తప్పకుండా దెబ్బ పడుతుంటే ఒక సిలిండర్ పని చేయడం లేదని అనుమానించాలి. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి చూస్తే, ఏ వైరు తీసినప్పుడు ఇంజిన్‌లో మార్పు రాదో ఆ సిలిండరే దొంగ. తరవాత వాల్వుల ట్యాపెట్లు, ఇగ్నిషన్ పాయింట్లు చూడాలి. రెండింటి గ్యాపూ సుమారు 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), అంటే 0.38 మి.మీ. ఆపైన స్పిండిల్ చివర పల్చటి నూనె రెండు చుక్కలు వేయాలి. ఇంజిన్ కాసేపు కుదుటపడితే గాలి అక్కడే దూరుతోందని అర్థం. కొనగోట పోయేదానికి గొడ్డలి ఎందుకు?

ఇవన్నీ సరిపోయాకే కార్బురేటర్ల వంతు. ఎయిర్ ఫిల్టర్లు తీసి, రెండింటినీ కలిపే లింకేజ్ వదులు చేస్తారు. సన్నటి రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బురేటర్ నోటి దగ్గర పెడితే 'స్‌స్‌' మని గాలి వినిపిస్తుంది. తంబురా తీగలు కలిపినట్టు, రెండు చోట్లా ఒకే స్థాయి వచ్చేదాకా స్క్రూలు సవరిస్తారు.

తరవాత మిశ్రమం. కార్బురేటర్‌లోని పిస్టన్‌ను ఒక్క మిల్లీమీటరు పైకెత్తుతారు. ఇంజిన్ వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోలు ఎక్కువ, పడిపోతే తక్కువ. కొద్దిగా పెరిగి మళ్ళీ సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. కింద జెట్ నట్టును ఒక్కో ముఖం చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ మళ్ళీ పిస్టన్ ఎత్తి అడుగుతారు.

కొత్త కార్లలో ఈ పని కంప్యూటర్ చేస్తుంది. ఇక్కడ మాత్రం మనిషి చెవే కొలమానం. ఒకసారికి ఒక్కటే మార్చి, ఇంజిన్ ఏమంటుందో విని, ఆ తరవాతే రెండోదాన్ని ముట్టుకోవడం. ఈ క్రమశిక్షణ కోసమైనా ఈ విద్య బతికుండాలి.