గురులఘువుల పండితుడు

కృష్ణాతీరమున, సున్నపురాతికిని సిమెంటు కర్మాగారములకును నెలవైన మఠంపల్లి వంటి చోట, ఉన్నత పాఠశాల పిల్లలకు ఛందస్సు చెప్పు తెలుగు పండితుని పని, చూచువారికి సులభముగా తోచునే గాని, నిజమునకు కంసాలి త్రాసు పట్టుటంత సూక్ష్మమైనది. నల్లబల్లపై ‘కృష్ణ’ యని వ్రాసి, హ్రస్వమైన ‘కృ’ గురువెట్లయ్యెనని అడుగగా, వట్రువసుడి వలననని తరగతి యంతయు ఒక్క గొంతుతో పలుకును. (ఏ బడిలోనైనను పిల్లలు మొదట పడు గోతి ఇదియే.) ఆయన కోపింపక, ఆ మాటనే ఎలుగెత్తి పలికించి, తరువాతి ‘ష్ణ’ యను సంయుక్తాక్షరము వలన ‘కృ’ మీద నాలుక యానుట వారి చెవికే తెలియజేసి, పిదపగాని సుద్దముక్కతో గురుచిహ్నము వేయడు. సూత్రము వల్లె వేయించుటకన్న ఈ పద్ధతియే నాకు మిన్నగా కనబడును. మరునాటినుండి పిల్లలు బస్సు బోర్డులను సైతము విడువక, కోదాడ తగణమనియు, మిర్యాలగూడ తగణముపై హగణమనియు తేల్చుచుందురు.