ఎనిమిది సెంటీమీటర్ల పది

2023 అక్టోబర్ 7, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు. కాంపౌండ్ ఆర్చరీ ఫైనల్లో వెన్నం జ్యోతి సురేఖ వేసిన పదిహేను బాణాల్లో పద్నాలుగు పదిలోకే వెళ్లాయి. ఒక్కటి తొమ్మిదిలో పడింది. 149–145తో కొరియా క్రీడాకారిణి సో చేవన్‌పై గెలుపు. అప్పటికే జట్టు, మిశ్రమ జట్టు స్వర్ణాలు చేతిలో ఉన్నాయి.

ఆ కాంపౌండ్ విల్లును చూసి "అంతా మిషనేగా" అనేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. వాళ్లతో నాకు పేచీ ఉంది. విల్లు రెండు కొసలకూ క్యామ్‌లనే చక్రాలుంటాయి. నారి బరువు నిబంధనల ప్రకారం 60 పౌండ్ల దాకా ఉండొచ్చు. పూర్తిగా లాగేసరికి చక్రాలు తిరిగి అందులో ఎక్కువ భాగాన్ని తామే మోస్తాయి. అప్పుడు నారిలో బిగించిన చిన్న రంధ్రంలోంచి, ముందున్న స్కోప్ అద్దంలోంచి గురి చూడాలి. స్కోప్‌లోని నీటి బుడగ సరిగ్గా మధ్యలో నిలవాలి, లేదంటే విల్లు ఒరిగినట్టే. నారిని వేళ్లతో వదలరు, రిలీజ్ అనే పరికరంతో వదులుతారు. తొందరపడి మీట నొక్కితే బాణం పక్కకు పోతుంది. వీపు కండరాలు నెమ్మదిగా బిగుసుకుంటూ ఉండగా, వేసేవాళ్లకే తెలియనంత మెత్తగా నారి విడివడాలి. లక్ష్యం 50 మీటర్ల దూరం, పది వలయం వెడల్పు 8 సెంటీమీటర్లు, బాణానికి 20 సెకన్లు. చక్రాలు బరువు తగ్గించాయి నిజమే. గుండె దడను తగ్గించే చక్రం మాత్రం లేదు. అందరూ పదులే వేసే ఈ ఆటలో ఒక్క తొమ్మిదితో పతకం చేజారవచ్చు.

సురేఖ మొదటి ఆట ఈత. ఐదేళ్లు నిండకముందే కృష్ణా నదిలో 5 కిలోమీటర్లు ఈది లిమ్కా రికార్డుకెక్కింది. ఊపిరిని లెక్కగా వాడుకోవడం, అలసినా భుజం జారనివ్వకపోవడం ఆ నీళ్లలో అబ్బిన విద్యలేనని నా నమ్మకం. తండ్రి పశువైద్యులు, కబడ్డీ ఆడినవారు. ఇంట్లో ఆటంటే చదువుకు అడ్డమన్న మాట వినిపించి ఉండదు.

చదువు సాగింది కూడా. తాడేపల్లి మండలం వడ్డేశ్వరంలోని కె.ఎల్. యూనివర్సిటీలో బీటెక్, ఆపైన ఎంబీఏ. 2017లో అర్జున అవార్డు. ఆ రోజుల్లో కాంపౌండ్‌కు ఒలింపిక్స్‌లో చోటే లేదు. చక్రాలు లేని రికర్వ్ విల్లుకు మారితే ఒలింపిక్ దారి దొరికేది. ఆమె మారలేదు. కళ్లముందు ఒలింపిక్ ఆశ లేకపోయినా పుస్తకాల పక్కనే విల్లు పెట్టుకుని ఏళ్ల తరబడి సాధన చేసిన ఆ పట్టుదల నాకు స్వర్ణాలకన్నా పెద్దదిగా తోస్తుంది. 2023లోనే బెర్లిన్‌లో పర్‌ణీత్ కౌర్, అదితి స్వామిలతో కలిసి ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో భారత్‌కు తొలి ఆర్చరీ స్వర్ణం తెచ్చింది.

ఇప్పుడు ఆ ఒలింపిక్ దారి తెరుచుకుంది. 2028 లాస్ ఏంజెలెస్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ ఉంది. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, చెరి ఎనిమిది బాణాలు. హాంగ్‌ఝౌలో ఇదే పోటీ ఫైనల్లో సురేఖ, ఓజస్ దేవతలే కలిసి 160కి 159 వేశారు. కొరియా వేసింది 158.