పర్డ్యూలో పేంటర్ పనితనం

పర్డ్యూ అంటే మన ఇళ్లలో ఇంజినీరింగ్. ఎంఎస్‌కు దరఖాస్తు పెట్టే పిల్లల నోట ఆ పేరు తరచూ వింటుంటాం. ఇండియానా రాష్ట్రంలో మాత్రం పర్డ్యూ అంటే బాస్కెట్‌బాల్ కూడా. వెస్ట్ లఫాయెట్‌లోని మాకీ అరీనాలో 14 వేల మందికి పైగా పడతారు. 2005 నుంచి అక్కడ హెడ్ కోచ్ మాట్ పేంటర్. అదే కాలేజీలో చదివాడు, అదే జట్టుకు ఆడాడు, తనకు ఆట నేర్పిన జీన్ కీడీ నుంచే ఆ బాధ్యత అందుకున్నాడు. ఆయన పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది కుర్రాళ్లను ఎంచుకునే తీరు, ఎంచుకున్నవాళ్లను ఏళ్ల తరబడి నిలుపుకునే తీరు.

నిలుపుకోవడం ఇప్పుడు ఎంత కష్టమో ముందు చెప్పుకోవాలి. ఒకప్పుడు ఆటగాడు కాలేజీ మారితే ఒక ఏడాది ఆట మానుకుని కూర్చోవాల్సి వచ్చేది. 2021 వసంతంలో ఆ అడ్డు తొలగింది. ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు ఎక్కిస్తే చాలు, వచ్చే సీజన్‌కల్లా కొత్త జెర్సీ. ఆ జూలై నుంచే తమ పేరుమీద, బొమ్మమీద డబ్బు సంపాదించుకునే హక్కు కూడా ఆటగాళ్లకు వచ్చింది. ఏటా వసంతంలో పోర్టల్ తెరుచుకుంటే జట్లకు జట్లే చెల్లాచెదురవుతాయి. రెండు నెలలు బెంచీమీద కూర్చున్న పంతొమ్మిదేళ్ల కుర్రాడికి ఎక్కడి నుంచో ఫోన్ వస్తుంది. వాడు ఆ ఫోన్ పెట్టేసి మళ్లీ ప్రాక్టీసుకు రావాలంటే పునాది ఎప్పుడో పడి ఉండాలి.

పేంటర్ ఆ పునాది వేయడం నేర్చుకున్నది దెబ్బ తిన్నాకే. 2012-13లో పర్డ్యూ 16 గెలిచి 18 ఓడింది, మరుసటి ఏడాది 15 గెలిచి 17 ఓడింది. ఆ జట్లలో ప్రతిభకు లోటు లేదు, పొసగడమే లేదు. ఆ తర్వాత ఆయన కుర్రాడిలో చూసే విషయం మారింది. ఎంత ఎత్తు ఎగురుతాడన్నదానికన్నా, మన పద్ధతిలో ఇమడగలడా, తన వంతు వచ్చేదాకా ఆగగలడా అన్నది ముఖ్యమైంది. స్వభావాన్ని అంచనా వేసే పరీక్షలు కూడా పెట్టించాడు. పెళ్లి సంబంధం చూసే పెద్దవాళ్ల ఓపిక అది. కుర్రాడు రాకముందే, వాడు ఉంటాడా పోతాడా అన్నది సగం తేల్చుకోవడమన్నమాట.

జాక్ ఈడీ కథ దగ్గర నుంచి చూస్తే ఈ పని అర్థమవుతుంది. టొరంటో కుర్రాడు, 7 అడుగుల 4 అంగుళాలు. చిన్నప్పుడంతా ఐస్ హాకీ, బేస్‌బాల్. హైస్కూల్లో ఉండగా గానీ బాస్కెట్‌బాల్ పట్టలేదు. 2020లో అమెరికాలోని కొత్త ఆటగాళ్ల ర్యాంకుల్లో వాడి స్థానం నాలుగు వందల అవతల. పర్డ్యూలో మొదటి ఏడు సగటున 15 నిమిషాలు కూడా ఆడలేదు. రెండో ఏడు 19. మూడో ఏడు 31 దాటాయి. పాయింట్ల సగటు 8.7, 14.4, 22.3, చివరికి 25.2. తొందరపడకుండా పేర్చుకుంటూ పోయిన గోడలా ఉంటుంది ఈ వరుస. బంతి అందుకున్నాక దాన్ని గడ్డం కిందికి దించకుండా తలపైనే పట్టుకోవడం, బుట్ట ముందు చోటు ఆక్రమించి వీపుతో ప్రత్యర్థిని ఆపి ఉంచడం, భుజం మీదుగా హుక్ వేయడం. చూడ్డానికి మామూలు పనులే. అంత పెద్ద శరీరానికి అవి అలవాటయ్యేలా చేయడానికి ఎన్ని సాయంత్రాలు పట్టి ఉంటాయో!

ఇందులో ట్రెవియన్ విలియమ్స్ పాత్రను చాలామంది మరచిపోతారు. 2021లో, పర్డ్యూ ఆడే బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో ఉత్తమ ఆటగాళ్ల మొదటి జట్టుకు ఎంపికైన సెంటర్ అతను. అతని ఆఖరి ఏడాది వచ్చేసరికి ఈడీ మొదటి అయిదుగురిలో నిలబడితే, ఈ సీనియర్ ఎక్కువగా బెంచీ మీద నుంచి వచ్చాడు. ఇద్దరూ ఇంచుమించు చెరిసగం నిమిషాలు పంచుకున్నారు. ఇంకో చోటైతే ఇద్దరిలో ఒకరు ఎప్పుడో వెళ్లిపోయేవారు. ఒకే చోటుకు ఇద్దరు పెద్దవాళ్లుండి ఏ ఒక్కరూ తలుపు వైపు చూడని ఆ సీజనే నా లెక్కలో పేంటర్ గొప్ప పని.

2023 మార్చి 17న పర్డ్యూకు పెద్ద పరాభవం జరిగింది. ఒకటో సీడ్‌గా దిగి, 16వ సీడ్ ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో 63-58తో ఓడిపోయింది. కాలేజీ జట్ల జాతీయ పోటీ అయిన ఎన్‌సీఏఏ పురుషుల టోర్నీలో అలా జరగడం అది రెండోసారి మాత్రమే. ఈడీ దేశంలో ఆ ఏటి మేటి ఆటగాడు. అయినా ఇతరుల్లా ప్రకటనల డబ్బు చేసుకునే వీలు అతనికి పెద్దగా లేదు. కెనడావాడు, చదువుకునే వీసా మీద ఉన్నాడు. ఎఫ్-1 కట్టుబాట్లు ఎలాంటివో అమెరికాలో పిల్లలున్న తెలుగువాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు పేరిచ్చి, వెనక్కి తీసుకుని, మళ్లీ వెస్ట్ లఫాయెట్ వచ్చాడు. ఆ ఓటమిలో ఆడిన చిన్నవాళ్లు బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్ కూడా ఉండిపోయారు. ఇద్దరూ ఇండియానా పిల్లలే. ఒక ఏడాది మ్యాచ్ ఆడకుండా ప్రాక్టీసుతోనే గడిపిన ట్రే కాఫ్‌మన్-రెన్ కూడా కదల్లేదు.

మరుసటి ఏడాది అదే జట్టు టెన్నెసీని 72-66తో ఓడించి, 1980 తర్వాత మొదటిసారి ఆ టోర్నీలో చివరి నాలుగు జట్ల దశ, ఫైనల్ ఫోర్ చేరింది. ఆ రోజు ఈడీవి 40 పాయింట్లు, 16 రీబౌండ్లు. చివరి నిమిషంలో టెన్నెసీ ఆటగాడు డాల్టన్ నెక్ట్ షాట్‌ను అడ్డుకున్న చెయ్యి కూడా అతనిదే. 2024 ఏప్రిల్ 8న ఫైనల్లో కనెక్టికట్ 75-60తో గెలిచింది. ఈడీని వేసుకోనిచ్చి (37 పాయింట్లు వేశాడు), చుట్టూ ఉన్న షూటర్లను బిగించేశారు. పర్డ్యూకు మ్యాచ్ మొత్తంలో దక్కింది ఒకే ఒక్క మూడు పాయింట్ల బుట్ట. కనెక్టికట్ మొదటి అయిదుగురిలో ఇద్దరు వేరే కాలేజీల నుంచి వచ్చినవాళ్లు. పోర్టల్ నుంచి మంచివాళ్లను తెచ్చుకోవడం కూడా ఒక విద్యేనని ఒప్పుకుంటాను. పేంటర్ కూడా లాన్స్ జోన్స్‌ను సదరన్ ఇల్లినాయిస్ నుంచి అలాగే తెచ్చుకున్నాడు. మిగతా నలుగురూ హైస్కూలు నుంచి నేరుగా ఆయన దగ్గరికి వచ్చినవాళ్లే.

అందరూ ఉండిపోరు. ఆ జట్టులోని మేసన్ గిల్లిస్ ఆఖరి ఏడాదికి డ్యూక్ వెళ్లాడు. ఈడీని 2024 డ్రాఫ్ట్‌లో తొమ్మిదో పేరుగా ఎన్‌బీఏ జట్టు మెంఫిస్ తీసుకుంది. స్మిత్, లోయర్, కాఫ్‌మన్-రెన్ మాత్రం మాకీ అరీనాలోనే ఉండిపోయారు. 2025లో స్మిత్ బిగ్ టెన్ మేటి ఆటగాడయ్యాడు, కాఫ్‌మన్-రెన్ సగటు 20 పాయింట్లు దాటింది. అప్పుడు కూడా ముగ్గురూ కదల్లేదు. 2025-26 సీజన్ మొదలయ్యే ముందు అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) ర్యాంకుల్లో దేశంలో ఒకటో స్థానం పర్డ్యూదే.