థేమ్స్ అడుగున తోరణాల వరస

లండన్‌లో థేమ్స్ నది కింద రాదర్‌హైత్‌ను వాపింగ్‌తో కలిపే సొరంగాన్ని అందరూ ఇంజనీరింగ్ ఘనతగా పొగుడుతారు. నాకు అది ముందుగా ఒక సౌందర్యం. దాని ప్రాణమంతా నడిమి గోడలో ఉంది. పక్కపక్కనే గుర్రపు నాడా ఆకారంలో రెండు దారులు. వాటి మధ్య గోడను మూసి ఉంచక, పొడవునా తోరణాలు తెరిచారు. ఇటుక, ఖాళీ, మళ్ళీ ఇటుక, మళ్ళీ ఖాళీ: మృదంగం మీద నడక తప్పని చౌకకాలంలా సాగుతుంది. నెత్తిన ఒక నది, ఆ నది మీద ఓడలు. అంత భారం మోసే గోడకు ఇంత లాలిత్యమా!

1825లో పని మొదలైంది. ఇంజనీరు మార్క్ బ్రూనెల్ రాదర్‌హైత్ ఒడ్డున పెద్ద ఇటుక ఒర కట్టించి, అడుగున మట్టి తీయిస్తూ దాని బరువుతోనే దాన్ని నేలలోకి దింపాడు. మన నదుల్లో వంతెనలకు పునాది బావులు దించేదీ ఇలాగే. ఆపైన నది కింద తవ్వేవాళ్ళను కాచేందుకు ఇనుప కవచం: 36 గదులు, గదికొక మనిషి. ఎదుటి పలకల్లో ఒకటి తీసి, కొన్ని అంగుళాలు తవ్వి, పలకను ముందుకు బిగించి, తర్వాతి దాని మీద చెయ్యి వేసేవాడు. వెనకే తాపీవాళ్ళు ఇటుక పేర్చుకుంటూ వచ్చేవారు. 1828 జనవరిలో నది లోపలికి విరుచుకుపడి ఆరుగురిని బలిగొంది. ఆ తోరణాలను చూస్తున్నప్పుడు అద్భుతంతోపాటు కరుణ కూడా మనసులో కదలకపోతే చూపు సగమే.

డబ్బు లేక ఏళ్ళ తరబడి ఆగి, చివరికి 396 మీటర్ల దారి 1843 మార్చి 25న తెరుచుకుంది. బళ్ళు దిగే వాలుదారులకు సొమ్ము చాలలేదు. అందుకే అది నడిచేవాళ్ళ సొంతమైంది. ఒక్క పెన్నీ ఇస్తే చాలు. గ్యాస్ దీపాలు, తోరణాల్లో చిన్న దుకాణాలు, నది అడుగున సంత! ఈ కట్టడానికి అంతకు మించిన వైభవం మళ్ళీ రాలేదనే నా నమ్మకం. 1869 నుంచి రైళ్ళు నడుస్తున్నాయి. 1990ల్లో భద్రత కోసం లోపల కాంక్రీటు పొర వేశారు. రాదర్‌హైత్ వైపు కొంత భాగాన్ని మాత్రం పాత రూపంలోనే ఉంచారు. ఆ కాస్తా దక్కడం అదృష్టం.

లండన్ వెళితే వాపింగ్ స్టేషన్‌లో దిగండి. ప్లాట్‌ఫారం చివరికి నడిచి ఆ జంట ముఖద్వారాలను కళ్ళారా చూడండి. పైకి వచ్చేటప్పుడు లిఫ్టు వద్దు, మెట్లే ఎక్కండి. అవి ఈ ఒడ్డున బ్రూనెల్ తవ్వించిన బావిలోనే ఉన్నాయి.