ఎన్నికల నినాదములందు 'ఆత్మ' శబ్దము

ఎన్నికల నినాదమును విమర్శకు తగిన వస్తువుగా మనవారు సాధారణముగా పరిగణింపరు. 1952లో అమెరికా అధ్యక్షపదవికి పోటీచేసిన ఐసెన్‌హోవర్ అనుచరులు రొమ్మున ధరించిన గుండీబిళ్లలపై 'ఐ లైక్ ఐక్' అని యుండెను. ఐక్ ఆయన ముద్దుపేరు. రోమన్ యాకొబ్‌సన్ 1960లో అచ్చయిన వ్యాసమున ఈ మూడు పదములనే పరీక్షించి, 'లైక్' అను క్రియలో నాయకుని పేరే ఇమిడియుండుటను చూపెను. మన లాక్షణికులైనచో అనుప్రాసమని చెప్పి ఊరకుందురేమో!

మన రాష్ట్రపతి ఎన్నికలో ఓటు పార్లమెంటు, శాసనసభల సభ్యులకే గలదు, బిళ్లలతో పనిలేదు. అయినను 1969లో ఒక మాట నినాదమయ్యెను. 1952లో పాతపట్నము నుండి లోక్‌సభకు ఎన్నికై, 1957లో పార్వతీపురమున ఓడిన వి. వి. గిరి ఒకవైపు, కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డి మరియొకవైపు. సంజీవరెడ్డి నామపత్రమును ప్రతిపాదించిన ఇందిరాగాంధీయే పిదప 'అంతరాత్మ ప్రబోధము' ననుసరించి ఓటు వేయుడని కోరిరి. రెండవ ప్రాధాన్యపు ఓట్లను కలిపిన పిమ్మట గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చెను.

ఈ మాటలో పేరు లేదు, ప్రాస లేదు. తాను ప్రతిపాదించిన వానిని కాదని మరియొకని పేరు చెప్పుటకు వీలులేని సందర్భమది. వాచ్యార్థము 'మీ మనస్సునకు తోచినట్లు' అని. వ్యంగ్యార్థము 'గిరికి వేయుడు' అని. ప్రాసలను లెక్కించి తృప్తిపడు పరిశోధన ఇట్టి మాటను జారవిడుచును. ఇచట యాకొబ్‌సన్ చాలడు, ఆనందవర్ధనుడు కావలెను.

1983 జనవరి శాసనసభ ఎన్నికలలో మా ఎచ్చెర్ల నుండి తెలుగుదేశము పక్షమున కావలి ప్రతిభాభారతి గెలిచిరి. ఆ పక్షపు నినాదము 'తెలుగువారి ఆత్మగౌరవము'. ఇందును 'ఆత్మ' కలదు. కాని అర్థము వేరు. అచట లోపలి చైతన్యము, ఇచట కేవలము 'తన' అని. మొదటిది ఒక్కొక్క సభ్యుని పక్షశాసనము నుండి విడదీసెను. రెండవది విడివిడిగా నున్నవారిని ఒక జాతిగా కూర్చెను. దీనికి ప్రాణము 'తెలుగువారి' అను షష్ఠి. దానిని తొలగించినచో మిగులునది పాఠ్యపుస్తకపు నీతి మాత్రమే.

వ్యంగ్యమున మొదటిదే మిన్నయని మా తలంపు. అయినను నినాదమనగా ధ్వని గదా. 'అంతరాత్మ ప్రబోధ'మని ఎచ్చెర్ల సంతలో నలుగురు కలిసి కేకవేయజాలరు.